అయస్కాంత క్షేత్రం లేకపోతే వాతావరణం పోతుందా? మరి శుక్రుడి సంగతి?

#1 ధూళితోక
అంగారకుడి మీద ఏ వ్యాసం తెరిచినా అదే వాక్యం. "అంగారకుడి అయస్కాంత క్షేత్రం చచ్చిపోయింది, సౌరపవనం వాతావరణాన్ని ఊడ్చుకుపోయింది, మనకు అయస్కాంత గొడుగు ఉంది కాబట్టి బతికి బట్టకట్టాం." వినడానికి బాగానే ఉంది. కానీ పక్కనే శుక్రుడు ఉన్నాడు. సొంత అయస్కాంత క్షేత్రం లేదు, సూర్యుడికి మనకంటే దగ్గర. అయినా అక్కడి నేల మీద పీడనం భూమి మీద ఉన్నదానికి సుమారు 92 రెట్లు. సౌరపవనం అంత గట్టిగా ఊడ్చేదైతే అక్కడ ఏమీ మిగలకూడదు కదా? ఇది అడిగితే "శుక్రుడు వేరు" అని మాట దాటేస్తారు. ఎలా వేరు? ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త విడమరచి చెప్పండి. పాఠ్యపుస్తకం వాక్యాలు వద్దు, అవి నాకూ కంఠతా వచ్చు.

#2 శుక్రతార
ఇన్నాళ్లకు ఒకరు శుక్రుడి పేరెత్తారు. అందరూ అంగారకుడి వెంటే పడతారు, పక్కింటివాణ్ణి పట్టించుకునే నాథుడే లేడు.

#3 మాస్టారు_భౌతికం
గొడుగు అనడంలో తప్పేముంది? భూమి అయస్కాంతావరణం సూర్యుడి వైపున దాదాపు పది భూ వ్యాసార్ధాల దూరంలోనే సౌరపవనాన్ని నిలబెట్టి పక్కకు మళ్లిస్తోంది. సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో వచ్చే ప్రోటాన్లు నేరుగా మన గాలిని తాకడం లేదు. అంగారకుడి దగ్గరో, సౌరపవనం అడ్డు తగిలి ఒక్కసారిగా నెమ్మదించే హద్దు, అంటే బౌ షాక్, నేల నుంచి సుమారు రెండు వేల కిలోమీటర్ల ఎత్తులోనే ఉంటుంది, అంటే గ్రహాన్ని అంటిపెట్టుకుని ఉన్నట్టే. ఇవన్నీ కొలిచి చూసిన సంగతులు. పిల్లలకు చెప్పేటప్పుడు గొడుగు అనకుండా మాక్స్‌వెల్ సమీకరణాలు రాసి చూపించమంటారా?

#4 ధూళితోక
సమీకరణాలు అక్కర్లేదు మాస్టారూ. గొడుగు ఉన్న బుధుడి సంగతి చెప్పండి చాలు. 1974లో మారినర్ 10 వెళ్లి చూస్తే బుధుడికి సొంత క్షేత్రం ఉందని తేలింది. భూమి క్షేత్రంలో సుమారు ఒక శాతమే అనుకోండి, అయినా ఉంది. వాతావరణం? చెప్పుకోదగ్గది లేదు. గురుడి ఉపగ్రహం గనిమీడ్‌కూ క్షేత్రం ఉంది, గాలి లేదు. శని ఉపగ్రహం టైటన్‌కు సొంత క్షేత్రం లేదు, పీడనం మాత్రం భూమికి ఒకటిన్నర రెట్లు. ఇక ఈ సూత్రం ఎవరికి వర్తిస్తున్నట్టు?

#5 పాతరేడియో
గొడుగు ఉన్నవాళ్లు తడిసిపోయారు, లేనివాళ్లు పొడిగా ఉన్నారు. వాతావరణ శాఖ ప్రకటనలా ఉంది.

#6 అయాన్‌గిరి
నా పని అంగారకుడి అయాన్ల డేటాతోనే. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

గాలి పైకి పోవడానికి ఒకటే దారి ఉందనుకోవడం దగ్గరే చిక్కంతా ఉంది. సౌరపవనం వచ్చి లాక్కుపోవడం ఆ దారుల్లో ఒకటి. అంగారకుడి నుంచి ఆక్సిజన్ పోయే దారుల్లో పెద్దదానికి సౌరపవనంతో నేరుగా పనే లేదు. అక్కడ జరిగేది ఇది: సూర్యుడి అతినీలలోహిత కాంతి వల్ల పై వాతావరణంలో ఆక్సిజన్ అణు అయాన్లు తయారవుతాయి. అలాంటి అయాన్ ఒక ఎలక్ట్రాన్‌ను పట్టుకున్నప్పుడు మళ్లీ మామూలు అణువుగా కుదురుకోదు, రెండు పరమాణువులుగా పగిలిపోతుంది. అప్పుడు వెలువడే శక్తి గరిష్ఠంగా 7 ఎలక్ట్రాన్ వోల్టుల దాకా ఉంటుంది. చెరిసగం పంచుకుంటే ఒక్కో పరమాణువుకు 3.5.

ఇప్పుడు గ్రహం పట్టు ఎంతో చూడండి. అంగారకుడి నుంచి ఒక ఆక్సిజన్ పరమాణువు తప్పించుకోవడానికి సుమారు 2 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. 3.5 చేతిలో ఉంది కాబట్టి, దారిలో దేన్నీ గుద్దుకోకుండా పైకి దూసుకుపోగలిగింది ఇక తిరిగి రాదు. శుక్రుడి మీదా అదే చర్య, అదే 3.5. కానీ అక్కడ తప్పించుకోవడానికి సుమారు 9 కావాలి. ఎగిరినవన్నీ వెనక్కి పడతాయి. ఇంతవరకు చెప్పినదాంట్లో అయస్కాంత క్షేత్రం అన్న మాట ఎక్కడా రాలేదని గమనించండి.

#7 నీలిగ్రహం
2, 9 ఎక్కడి నుంచి వచ్చాయి? నేను ఈ విషయాలకు కొత్త.

#8 లెక్కలపుస్తకం
#7కు: పలాయన వేగం నుంచి. అంగారకుడికి సెకనుకు 5 కిలోమీటర్లు, శుక్రుడికి 10.4, భూమికి 11.2. గతిజ శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి వేగం రెట్టింపైతే కావలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది. ఆక్సిజన్ పరమాణువు ద్రవ్యరాశి వేసి చూడండి: అంగారకుడికి 2.1, శుక్రుడికి 8.9, భూమికి 10.4 ఎలక్ట్రాన్ వోల్టులు వస్తాయి. పై వాతావరణంలో మొదలుపెడితే ఇంకాస్త తగ్గుతుంది. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చాలు దీనికి.

#9 శుక్రతార
ఇంకొకటి కలపాలి. శుక్రుడికి సొంత క్షేత్రం లేదంటే అడ్డే లేదని కాదు. దాని అయనావరణం, అంటే పై గాలిలో అయాన్లు నిండిన పొర, మంచి విద్యుత్ వాహకం. సౌరపవనం తనతో మోసుకొచ్చే అయస్కాంత రేఖలు అందులోకి అంత తేలిగ్గా చొరబడలేవు. గ్రహం ముందు పేరుకుని, చుట్టూ వంగి, వెనక తోకలా సాగుతాయి. అయనావరణంలో పుట్టే ప్రవాహాలే అడ్డుగా నిలిచి సౌరపవనాన్ని చాలావరకు పక్కకు తోసేస్తాయి. ప్రేరిత అయస్కాంతావరణం అంటారు దీన్ని. అంటే ఆ అడ్డుకు కావలసిన క్షేత్రాన్ని సౌరపవనమే తెచ్చి ఇస్తోంది!

#10 మాస్టారు_భౌతికం
సరే, గురుత్వాకర్షణే అసలు సంగతి అంటున్నారు. అలాగైతే టైటన్ పలాయన వేగం సెకనుకు 2.6 కిలోమీటర్లే. అంగారకుడిలో సగం. అంత తక్కువ పట్టుతో అంత దట్టమైన నత్రజనిని ఎలా పట్టి ఉంచింది? ఒక మినహాయింపును కొట్టేయడానికి ఇంకో మినహాయింపు తెచ్చారు మీరు.

#11 త్రికోణం
టైటన్ మినహాయింపు కాదు మాస్టారూ. అది ఉన్నది సూర్యుడికి తొమ్మిదిన్నర ఖగోళ ప్రమాణాల దూరంలో, అంటే భూమి ఉన్న దూరానికి తొమ్మిదిన్నర రెట్లు. అక్కడికి చేరే సూర్యకాంతి మనకు అందే దాంట్లో తొంభయ్యో వంతు. నేల మీద ఉష్ణోగ్రత 94 కెల్విన్. పట్టు తక్కువే, కానీ తప్పించుకునే అణువులకు కావలసిన శక్తిని ఇచ్చేవాడు దూరంగా ఉన్నాడు.

2017లో జాన్లీ, కాట్లింగ్ ఒక పత్రం రాశారు. సౌరకుటుంబంలోని గ్రహాలు, ఉపగ్రహాలు, మరుగుజ్జు గ్రహాలు, అప్పటికి తెలిసిన పరాయి గ్రహాలు అన్నిటినీ ఒకే పటం మీద పెట్టారు. ఒక అక్షం మీద పలాయన వేగం, రెండో దాని మీద నక్షత్రం నుంచి అందే శక్తి. వాతావరణం ఉన్నవి ఒక పక్కకు, లేనివి ఇంకో పక్కకు దాదాపు తేటగా విడిపోయాయి. ఆ హద్దుకు విశ్వ తీరరేఖ అని పేరు పెట్టారు. ఆ రెండు అక్షాల్లో ఏదీ అయస్కాంత క్షేత్రం కాదు. బుధుడు, టైటన్, అంగారకుడు, శుక్రుడు ఎవరికి తగ్గ చోట వాళ్లు కూర్చున్నారు. అంగారకుడు సరిగ్గా హద్దు మీద ఉన్నాడు.

#12 ధూళితోక
ఇదీ నేను అడిగింది. ఈ పటాన్ని పుస్తకాల్లో ఎందుకు వేయరు?

#13 పాతరేడియో
వేస్తే గొడుగు బొమ్మ గీసే చిత్రకారుడి పొట్ట కొట్టినట్టవుతుంది.

#14 మాస్టారు_భౌతికం
పటం బాగుంది, కాదనను. కానీ మీరంతా ఒకే వైపు కొట్టుకుపోతున్నారు. ఆర్గాన్ సంగతి ఎవరూ ఎత్తలేదేమి? ఆర్గాన్ జడవాయువు. రాళ్లతో కలవదు, మంచుగా గడ్డకట్టి ధ్రువాల్లో దాక్కోదు. #6లో చెప్పిన రసాయన దారి దానికి పనికిరాదు. అయినా అంగారకుడి వాతావరణాన్ని చూడటానికి నాసా పంపిన మావెన్ నౌక కొలతల ప్రకారం అంగారకుడి ఆర్గాన్‌లో మూడింట రెండు వంతులు ఎప్పుడో అంతరిక్షంలోకి పోయింది. తేలికైన ఆర్గాన్ 36, బరువైన ఆర్గాన్ 38 నిష్పత్తి పై వాతావరణంలో ఎత్తును బట్టి ఎలా మారుతోందో చూసి తేల్చారు, 2017లో అచ్చైంది. ఎలా పోయింది? సౌరపవనం ఎత్తుకుపోతున్న ఆక్సిజన్ అయాన్లలో కొన్ని వెనక్కి వచ్చి వాతావరణాన్ని గుద్దుతాయి. ఆ దెబ్బకు ఆర్గాన్ లాంటి బరువైన పరమాణువులు కూడా పైకి చిమ్ముతాయి. గ్రహమంతా పరుచుకున్న క్షేత్రం ఉండి ఉంటే ఆ అయాన్లు అంత లోతుకు వచ్చి గుద్దేవా?

#15 అయాన్‌గిరి
#14 గట్టి వాదన. స్పటరింగ్ అంటారు దాన్ని. ఆ దారిలో క్షేత్రం లేకపోవడం నిజంగానే తేడా చేస్తుంది. కాకపోతే ఈనాటి స్పటరింగ్ చాలా స్వల్పం. ఆర్గాన్ అంతగా పోయింది మొదటి రోజుల్లో, సూర్యుడి తీవ్ర అతినీలలోహిత కాంతి ఇప్పటికంటే ఎన్నో రెట్లు ఉన్నప్పుడు.

#16 లెక్కలపుస్తకం
ఆ చివరి వాక్యం ఎందుకు ముఖ్యమో అంకెల్లో చూపిస్తాను. 2015లో మావెన్ బృందం ప్రకటించిన అయాన్ల నష్టం సెకనుకు సుమారు 100 గ్రాములు. ఏడాదికి దాదాపు 32 లక్షల కిలోలు. 400 కోట్ల ఏళ్లు ఇదే వేగంతో పోయినా అంగారకుడి వాతావరణంలో తగ్గేది 3 మిల్లీబార్లే. ఇప్పుడు అక్కడ ఉన్నదే సుమారు 6. ఒకప్పుడు నదులు పారడానికి కావలసిన వందల మిల్లీబార్లు ఈ వేగంతో ఎక్కడికీ పోవు. అన్ని దారులూ కలిపి హైడ్రోజన్, ఆక్సిజన్ నష్టం ఇప్పుడు సెకనుకు 2 నుంచి 3 కిలోలని 2018లో లెక్క తేల్చారు. అదీ చాలదు. కాబట్టి పాత సూర్యుణ్ణి లెక్కలోకి తీసుకోక తప్పదు.

భూమికి కూడా వేసి చూశాను. మన వాతావరణం బరువు 5.1 కోటి కోటి కోట్ల కిలోలు కాదు... సున్నాలు పేర్చడం కంటే 5.1 గుణించు 10 ఘాతం 18 అంటే మేలు. సెకనుకు 3 కిలోలు పోయినా మొత్తం ఖాళీ కావడానికి 5,400 కోట్ల ఏళ్లు. సూర్యుడి వయసే 460 కోట్లు. నిద్రపోండి హాయిగా.

#17 నీలిగ్రహం
ఆగండి, భూమి కూడా గాలిని పోగొట్టుకుంటోందా? గొడుగు ఉండగానే?

#18 అయాన్‌గిరి
పోగొట్టుకుంటోంది. చిత్రమేమిటంటే, సెకనుకు ఎన్ని అయాన్లు బయటికి వెళుతున్నాయో లెక్కపెడితే భూమి, శుక్రుడు, అంగారకుడు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఇంకా చెప్పాలంటే భూమి లెక్కే కొంచెం పైన ఉంటుంది.

కారణం ధ్రువాలు. భూమి క్షేత్ర రేఖలు ధ్రువాల దగ్గర అంతరిక్షంలోకి తెరుచుకుని సౌరపవనపు రేఖలతో కలుస్తాయి. క్షేత్రం వల్ల భూమి సౌరపవనానికి అసలు పరిమాణం కంటే చాలా పెద్ద అడ్డుగా కనిపిస్తుంది. అంత విశాలమైన అడ్డు మీద సేకరించిన శక్తిలో కొంత ఆ రేఖల వెంట ధ్రువ ప్రాంతాల్లోకి దిగి, అయనావరణాన్ని వేడెక్కించి, ఆక్సిజన్ అయాన్లను పైకి తోస్తుంది. 2018లో గునెల్ బృందం ఒక పత్రం రాసింది. సొంత అయస్కాంత క్షేత్రం గ్రహాన్ని వాతావరణ నష్టం నుంచి ఎందుకు కాపాడదో చెప్పడమే దాని విషయం, శీర్షికలోనే ఆ మాట ఉంది. కొన్ని పరిస్థితుల్లో క్షేత్రం ఉన్న గ్రహమే ఎక్కువ పోగొట్టుకుంటుందని వాళ్ల వాదన.

#19 త్రికోణం
ఇక్కడ నేను అడ్డుపడాలి. గునెల్ పత్రాన్ని ఉదహరించేవాళ్లు దాన్ని తిరగేసిన గొడుగులా వాడుతున్నారు. రెండు అభ్యంతరాలు.

మొదటిది, భూమి అయనావరణం నుంచి పైకి లేచిన అయాన్లన్నీ తప్పించుకున్నట్టు కాదు. అయస్కాంతావరణం చాలా పెద్దది. పైకి వెళ్లినవాటిలో కొన్ని తోకలోకి కొట్టుకుపోయి, అక్కడ రేఖలు తెగి మళ్లీ అతుక్కునేటప్పుడు భూమి వైపే విసిరివేయబడతాయి. ఎంత భాగం తిరిగి వస్తుందన్నదాని మీద వేర్వేరు బృందాల లెక్కలు వేర్వేరుగా ఉన్నాయి. ఆ భాగాన్ని తీసేయకుండా అంగారకుడితో పోల్చడం అన్యాయం.

రెండోది, మీరు పోలుస్తున్న మూడు గ్రహాలకూ క్షేత్రం ఒక్కటే తేడా కాదు. సూర్యుడి నుంచి దూరం వేరు, బరువు వేరు, పై వాతావరణంలోని వాయువులు వేరు. శుక్రుడి గాలిలో కార్బన్ డైఆక్సైడ్ ఎక్కువ. అది పరారుణ కిరణాల రూపంలో వేడిని బయటికి పంపి పై పొరలను చల్లగా ఉంచుతుంది. ఒక్క మీటను మాత్రమే కదిపి చూసే వీలు ప్రకృతిలో లేదు, కంప్యూటర్ నమూనాలోనే ఉంది. నేను చేసేది ఆ పనే. నమూనాలో అంగారకుడికి బలహీనమైన క్షేత్రం పెడితే నష్టం పెరుగుతుంది. ఇంకా పెంచుకుంటూ పోతే ఒక స్థాయి దాటాక తగ్గుతుంది. సౌరపవనపు ఒత్తిడి మార్చితే ఆ స్థాయి జరుగుతుంది. కాపాడుతుందా, కాపాడదా అని ఒక్క మాటలో అడిగితే నేను జవాబు చెప్పను.

#20 మాస్టారు_భౌతికం
అమ్మయ్య. ఒకరైనా మధ్యలో నిలబడ్డారు.

#21 త్రికోణం
నిలబడినందుకు శిక్షా పడుతోంది. ఇదే విషయం మీద నేను పంపిన పత్రానికి ఇద్దరు సమీక్షకులు దొరికారు. ఒకరు "క్షేత్రం కాపాడుతుందని అందరికీ తెలిసిందే, కొత్తేముంది" అన్నారు. ఇంకొకరు "కాపాడదని అందరికీ తెలిసిందే, కొత్తేముంది" అన్నారు. ఇద్దరినీ ఒక గదిలో పెట్టి తాళం వేయాలనిపించింది.

#22 పాతరేడియో
పార్కర్ కంటే మీరు నయం. 1958లో సౌరపవనం అనేది ఉందని ఆయన రాసి పంపితే సమీక్షకులిద్దరూ కొట్టిపారేశారు. పత్రికకు సంపాదకుడు చంద్రశేఖర్. ఆయనకూ ఆ ఆలోచన నచ్చలేదు, కానీ గణితంలో తప్పు కనిపించలేదు కాబట్టి అచ్చు వేశారు. 1962లో మారినర్ 2 శుక్రుడి వైపు వెళుతూ దారి పొడవునా సౌరపవనాన్ని కొలిచింది. చూశారా శుక్రతార గారూ, మీ శుక్రుడికి ఇక్కడా వాటా ఉంది.

#23 ఎర్రమట్టి
అంగారకుడికీ సూర్యుడికీ మధ్య ఎల్1 బిందువు దగ్గర పెద్ద అయస్కాంతం పెడితే వాతావరణం తిరిగి పెరుగుతుందని 2017లో నాసా సమావేశంలో ప్రతిపాదించారు కదా. దాని మీద మీ అందరి అభిప్రాయం?

#24 లెక్కలపుస్తకం
#16 మళ్లీ చదవండి. పోతున్నదే తక్కువైనప్పుడు, ఆపితే మిగిలేదీ తక్కువే. అయస్కాంతం పెట్టి ఆపినా, గాలి పెరగాలంటే లోపలి నుంచి రావాలి. కరిగించి బయటికి తేగల కార్బన్ డైఆక్సైడ్ అంతా కలిపినా పీడనం 20 మిల్లీబార్ల దగ్గరే ఆగిపోతుందని జాకోస్కీ, ఎడ్వర్డ్స్ 2018లో లెక్కగట్టారు. జాకోస్కీ మావెన్‌కు మొదటి ప్రధాన పరిశోధకుడు, అంగారకుడి మీద ప్రేమ లేక అన్న మాట కాదు.

#25 ఎర్రమట్టి
మీరు కలలు కూడా లెక్కకట్టి చంపుతారు.

#26 శుక్రతార
పీడనానికీ పట్టుకూ మధ్య ఇంకో పొరపాటు అవగాహన ఉంది, #1లో కూడా అది ఉంది. శుక్రుడి మీద 92 రెట్లు ఉందంటే శుక్రుడు బాగా "కాపాడుకున్నాడు" అని అర్థం కాదు. భూమి దగ్గరా అంత కార్బన్ డైఆక్సైడ్ ఉంది, కాకపోతే సముద్రాల పుణ్యమా అని సున్నపురాళ్లలో బందీ అయింది. శుక్రుడి మీద నీళ్లు లేవు, అందుకని అది గాలిలోనే ఉండిపోయింది.

మరి నీళ్లేమయ్యాయి? అక్కడే శుక్రుడు నిజంగా నష్టపోయాడు. మామూలు హైడ్రోజన్‌తో పోలిస్తే డ్యుటీరియం, అంటే బరువైన హైడ్రోజన్, పాలు భూమి మీదకంటే వంద రెట్లకు పైగా ఉంది. తేలికైనది పోయి బరువైనది మిగిలిందని అర్థం. వీనస్ ఎక్స్‌ప్రెస్ కొలిస్తే బయటికి పోతున్న అయాన్లలో హైడ్రోజన్, ఆక్సిజన్ దాదాపు రెండుకు ఒకటిగా ఉన్నాయి. నీటి నిష్పత్తి! కాబట్టి శుక్రుణ్ణి "క్షేత్రం లేకున్నా ఏమీ కాలేదు" అనడానికి సాక్ష్యంగా వాడేవాళ్లు కూడా జాగ్రత్తగా ఉండాలి.

#27 ధూళితోక
సున్నపురాళ్ల సంగతి సరే. కానీ నత్రజని? అది రాళ్లలో అంతగా చేరదు కదా.

#28 శుక్రతార
శుక్రుడి గాలిలో నత్రజని 3.5 శాతమే. కానీ మొత్తం గాలి అంత ఎక్కువ కాబట్టి, బరువులో అది భూమి నత్రజనికి మూడు రెట్ల దగ్గరుంది. ఈ ముక్కలో మీదే పైచేయి.

#29 నీలిగ్రహం
నాకొక మౌలికమైన సందేహం. క్షేత్ర రేఖ "తెరుచుకుంది", "గ్రహానికి కట్టుబడి ఉంది" అంటున్నారు. రేఖలు కంటికి కనిపించవు కదా, వ్యోమనౌక ఒక చోట ఉండి ఆ రేఖ రెండో కొస ఎక్కడుందో ఎలా చెబుతారు?

#30 అయాన్‌గిరి
ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క అడిగారు.

సూర్యకాంతిలో హీలియం అయాన్ల వల్ల వచ్చే ఒక బలమైన గీత ఉంది, తరంగదైర్ఘ్యం 30.4 నానోమీటర్లు. ఆ ఫోటాన్ శక్తి 40.8 ఎలక్ట్రాన్ వోల్టులు. అది అంగారకుడి గాలిలోని కార్బన్ డైఆక్సైడ్‌ను తాకి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టడానికి 13.8 ఖర్చవుతుంది. మిగిలిన 27 ఆ ఎలక్ట్రాన్ పట్టుకుపోతుంది. ఆక్సిజన్ పరమాణువుకైతే 13.6 ఖర్చు, అదీ 27 దగ్గరే తేలుతుంది. సౌరపవనంలోని ఎలక్ట్రాన్లకు ఇలాంటి ముద్ర ఉండదు, వాటి శక్తి పరుచుకుని ఉంటుంది.

డేటా తెర మీద ఎలా ఉంటుందంటే, అడ్డంగా కాలం, నిలువుగా శక్తి, రంగును బట్టి ఎన్ని ఎలక్ట్రాన్లో తెలుస్తుంది. నౌక సౌరపవనంలో ఉన్నంతసేపూ కింది నుంచి పైకి మసకగా పలచబడే రంగు. గ్రహం వైపు దిగుతుంటే ఒక్కసారిగా ఆ మసక చెదిరి, 20 నుంచి 30 మధ్య సన్నటి అడ్డగీత వెలుగుతుంది. ఆ గీత కనిపించిందంటే, మీరున్న రేఖ ఒక కొస పగటివైపు అయనావరణంలో నాటుకుని ఉంది. ఎలక్ట్రాన్లు రేఖ వెంట రెండు దిక్కులా వస్తుంటే రెండు కొసలూ గ్రహంలోనే ఉన్నాయి. గ్రహం నుంచి బయటికి ఆ గీత, ఎదురుగా సౌరపవనపు ఎలక్ట్రాన్లు వస్తుంటే, ఒక కొస గ్రహంలో, రెండోది సూర్యుడి క్షేత్రంలో. తెరుచుకున్న రేఖ అదే. గాలి పోయే దారీ అదే.

ఒక తలనొప్పి మాత్రం ఉంది. నౌక తానే విద్యుదావేశం పొందుతుంది, చుట్టూ ఉన్న ప్లాస్మాను బట్టి కొన్ని వోల్టులు అటో ఇటో. అప్పుడు గీత 27 దగ్గర ఉండదు, కిందికో పైకో జరుగుతుంది. ముందు ఆ జరుగుడును సరిచేయాలి. కొత్తగా వచ్చిన విద్యార్థులు ఇది మరిచి, అంగారకుడి మీద కొత్త ప్రక్రియ కనిపెట్టామని సంబరంగా పరుగెత్తుకొస్తారు.

#31 పాతరేడియో
నౌక ఆవేశపడితే అందరూ ఆవేశపడతారన్నమాట.

#32 శుక్రతార
ఆ జరుగుడులోనే బంగారం కూడా ఉంది. నౌక ఆవేశాన్ని తీసేశాక కూడా గీత జరిగి ఉంటే, గ్రహానికీ నౌకకూ మధ్య విద్యుత్ క్షేత్రం ఉన్నట్టు. తేలికైన ఎలక్ట్రాన్లు ముందే పైకి పోవాలని చూస్తాయి, అయాన్లు వెనకబడతాయి, వాటి మధ్య పుట్టే క్షేత్రం అయాన్లను పైకి లాగుతుంది. కాలిన్సన్ బృందం వీనస్ ఎక్స్‌ప్రెస్ డేటాలో ఇలాగే చూసి శుక్రుడి దగ్గర సుమారు 10 వోల్టులని 2016లో చెప్పింది. #8లో శుక్రుడి ఆక్సిజన్‌కు 8.9 కావాలన్నారు. 10 వోల్టులుంటే ఆక్సిజన్ అయాన్‌కు ఇంకేం కావాలి? సౌరపవనం వచ్చి ఊడ్చే పని లేకుండానే పైకి పోతుంది.

తరువాత అదే మనిషి భూమిని పట్టుకున్నాడు. 2022 మేలో స్వాల్‌బార్డ్ నుంచి ఎండ్యూరెన్స్ అనే రాకెట్ వెళ్లింది. ఫలితం 2024లో అచ్చైంది: 0.55 వోల్టు. చేతి గడియారంలోని బ్యాటరీ కంటే తక్కువ. అయినా హైడ్రోజన్ అయాన్ మీద అది చూపే బలం గురుత్వాకర్షణకు పది రెట్లకు పైనే. భూమి ధ్రువ పవనం, అంటే ధ్రువాల నుంచి అయాన్లు అంతరిక్షంలోకి పారడం, ఉంటుందని 1968లోనే కాగితం మీద తేల్చినా, దాన్ని నడిపే వోల్టేజీని కొలవడానికి ఇంతకాలం పట్టింది.

#33 మాస్టారు_భౌతికం
ఇది నాకు కొత్త. కానీ సౌరపవనాన్ని మరీ చిన్నచూపు చూడకండి. 2022 డిసెంబరు 26న అంగారకుడి దగ్గర సౌరపవనం దాదాపు మాయమైంది, సాంద్రత వందో వంతుకు పడిపోయింది. అంగారకుడి అయస్కాంతావరణం, అయనావరణం వేల కిలోమీటర్లు ఉబ్బాయని మావెన్ చూసింది. మామూలు రోజుల్లో అది ఎంత అణచి ఉంచుతోందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

#34 త్రికోణం
ఆ సంఘటన అద్భుతమే. కానీ అక్కడే ఒంటరి నౌక ఇబ్బంది బయటపడుతుంది. నౌక గ్రహం దగ్గర ఉన్నప్పుడు బయట సౌరపవనం ఎలా ఉందో దానికి తెలియదు. బయటికి వచ్చి కొలిచేసరికి గంటలు గడుస్తాయి. మార్పు కాలంతో వచ్చిందా, నౌక చోటు మారడం వల్ల కనిపించిందా అన్నది తేల్చుకోవడానికి సగం పత్రం అయిపోతుంది. భూమి అయస్కాంతావరణాన్ని చూసే నాసా ప్రయోగం ఎంఎంఎస్‌ను నాలుగు నౌకలుగా పంపింది అందుకే. అంగారకుడికీ ఇప్పుడు ఎస్కపేడ్ జంట నౌకలు బయలుదేరాయి, 2025 నవంబరులో. 2027లో చేరాలి. ఒకటి బయట సౌరపవనాన్ని చూస్తుంటే ఇంకొకటి లోపల వాతావరణం ఎలా స్పందిస్తోందో చూడగలదు. #19లోని నా నమూనాకు అదే అసలు పరీక్ష.

#35 ఎర్రమట్టి
క్షేత్రం లేకపోతే అంగారకుడి మీద ధ్రువకాంతులు ఉండవని ఒక వీడియోలో చూశాను. అదైనా నిజమేనా, లేక అదీ గొడుగు బాపతేనా?

#36 అయాన్‌గిరి
అది అసలే తప్పు. మూడు రకాలు ఉన్నాయి. అంగారకుడి దక్షిణార్ధగోళంలో పాత రాళ్లలో క్షేత్రం ముద్రపడి ఉంది, 1997లో మార్స్ గ్లోబల్ సర్వేయర్ కనిపెట్టింది. దాని మీద అక్కడక్కడా ముక్కలు ముక్కలుగా వెలిగేది ఒకటి, మార్స్ ఎక్స్‌ప్రెస్ చూసింది. సౌర తుపాను వచ్చినప్పుడు గ్రహమంతా పరుచుకుని వెలిగేది రెండోది, 2014 డిసెంబరులో మావెన్‌కు దొరికింది. ఎలక్ట్రాన్లను ధ్రువాల వైపు మళ్లించే క్షేత్రం లేదు కాబట్టి అవి ఎక్కడంటే అక్కడ దిగుతాయి. మూడోది పగటివైపు ప్రోటాన్ల వల్ల వచ్చేది. 2024 మార్చిలో పర్సెవరెన్స్ రోవర్ నేల మీద నుంచే ఆకుపచ్చ ధ్రువకాంతిని ఫోటో తీసింది, 557.7 నానోమీటర్ల ఆక్సిజన్ గీత.

#37 పాతరేడియో
ధ్రువం లేని చోట ధ్రువకాంతి! పేరు మార్చమని అర్జీ పెట్టాలి.

#38 నీలిగ్రహం
#30లో చెప్పిన 27 గీతను నా కంప్యూటర్‌లో చూడవచ్చా, లేక డేటా మీ దగ్గరే ఉంటుందా?

#39 అయాన్‌గిరి
మావెన్ డేటా అందరికీ ఉచితమే, నాసా గ్రహ డేటా భాండాగారంలో ఉంది. స్వియా అనే పరికరం ఎలక్ట్రాన్లది, మాగ్ క్షేత్రానిది. ముందు ఒకే ఒక్క కక్ష్య తీసుకోండి. రెండు పరికరాల పటాలనూ ఒకదాని కింద ఒకటి ఒకే కాల అక్షం మీద వేయండి. క్షేత్రం దిశ ఎక్కడ చటుక్కున తిరిగిందో చూసి, సరిగ్గా అక్కడ ఎలక్ట్రాన్ల పటంలో ఏమైందో చూడండి. నీడలో ఉన్న భాగాన్ని మొదటిసారి వదిలేయండి, అక్కడ గీత ఉండదు.

#40 త్రికోణం
నమూనా ఫలితాలు కూడా పక్కన పెట్టుకోవాలంటే చెప్పండి, అదే కక్ష్యకు నడిపి ఇస్తాను. అయాన్‌గిరి గారి గీతతో నా రేఖలు కలవకపోతే మాత్రం తప్పు డేటాదే.

#41 అయాన్‌గిరి
నమూనా మనుషులంతా ఇంతే.